కుసుమ చేతిలో కొబ్బరికాయ

బోరు లారీ పొద్దున్నే వచ్చి చేను పక్కన ఆగింది. మిరప తోట పూత మీద ఉంది. ఉన్న రెండు బోర్లలో ఒకటి ఎండిపోయింది, రెండోది కాసేపు పోసి ఆగిపోతోంది... ఆదినారాయణ తన భార్య కుసుమ చేతిలో కొబ్బరికాయ పెట్టి, కొత్త బోరు ఎక్కడ వెయ్యాలో పాయింటు చూడమన్నాడు.

కుసుమ చేతివాసి అలాంటిది మరి! కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని నడిస్తే, నీళ్ళున్న చోట అది నిలువుగా లేస్తుందని క్రోసూరు చుట్టుపక్కల నమ్మకం. కాపురానికొచ్చిన కొత్తలో సరదాకు పట్టుకుంది, లేచింది. అంతే! ఆనాటి నుంచి ఎవరు బోరు వేసినా ఆవిడే నడవాలి. ఒకరికి చూపిస్తే పక్కవాళ్ళది ఎండేది, మళ్ళీ వాళ్ళొచ్చి తమకూ చూపించమనేవాళ్ళు. నీళ్ళు పడ్డప్పుడు చీరలు పెట్టిన వాళ్ళే, ఎండాక ఆమె చెయ్యి మంచిది కాదన్నారు. ఆ మాటలు పడీ పడీ కుసుమ అలసిపోయింది.

ఆ రోజూ నడిచింది. రెండెకరాలూ తిరిగినా కదలని కాయ తూర్పు గట్టు దగ్గర లేచింది... గట్టుకు అవతలే తోడికోడలు లీలావతి బోరు! బావగారు పోయాక, ఆ ఒక్క బోరు మీదే ఎకరం తోట వేసుకుని కూతుర్ని చదివించుకుంటోంది ఆ తల్లి. కుసుమ చప్పున చెయ్యి వంచి కాయను కింద పడేసింది. ఎక్కడా లేవలేదని చెప్పింది.

"నేను చూశా. లేచింది," అన్నాడు ఆదినారాయణ.

ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడం చేతకాని మనిషి కుసుమ.

"లేచింది. అక్కడేస్తే అక్క బోరు ఎండిపోద్ది. కాయ నిజమో అబద్ధమో నాకు తెలవదు... నేను చూపించాక ఎండిన బోర్లు మాత్రం చానా చూశా. ఇంక నా వల్ల కాదయ్యా."

మరి తోట ఏం కావాలని అడిగాడు. ఉన్న నీళ్ళు ఎకరానికి సరిపోతాయనీ, రెండో ఎకరం పీకేసి శనగ వేద్దామనీ, దానికి రాత్రి కురిసే మంచు తడే చాలుననీ చెప్పింది. పూత మీదున్న తోటను పీకమంటే ఏ రైతు ఊరుకుంటాడు? నోటికొచ్చినట్టు తిట్టాడు. గట్టు అవతల లీలావతి వంగి కలుపు తీస్తోంది. తల్లి లేని తనకు అన్నం కలిపి పెట్టిన వదిన! ఆదినారాయణ అటే చూశాడు. ఆఖరికి లారీని పంపేశాడు.

మర్నాడు ఇద్దరూ మొక్కలు పీకుతుంటే లీలావతి లబోదిబోమంటూ పరిగెత్తుకొచ్చింది. లారీ ఎందుకు తిరిగి పోయిందనీ, పచ్చటి తోటను చేజేతులా ఎందుకు చంపుకుంటున్నారనీ మరిదిని నిలదీసింది. కుసుమ పీకిన మొక్కను చేత్తో పట్టుకునే మొగుడి వైపు చూసింది. తన బోరు కోసమే ఈ తోట పోతోందని తెలిస్తే అక్క ఇంక మోటారు వేస్తుందా? ఆయన కోపంలో చెప్పేస్తే...

ఆదినారాయణ నడుము పట్టుకుని లేచాడు.

"కాయ లేవలేదు వదినా. ఈ చేలో నీళ్ళు లేవు. నువ్వు పోయి నీ తోటకు తడి పెట్టుకో."

నిన్నటి నుంచీ రాని ఏడుపు కుసుమకు అప్పుడు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. అతను ఆమె సాలులోకి వచ్చి, ఆమె ముందున్న మొక్కలు కూడా తనే పీకసాగాడు.