రెండో దారి బిల్లు

సభ తలుపులకు తాళాలు పడ్డాక గానీ గుమస్తా టామ్సిన్ ట్రెలోర్‌కు తెలియలేదు, తన బల్ల మీద బిల్లు లేదని.

ఆ గనుల రాష్ట్రంలో శాసనసభకు అది ఆఖరి రోజు. ప్రతి గనికీ బయటపడేందుకు రెండో దారి తవ్వించాలన్న బిల్లు ఎలాగో రెండు సభల్లోనూ గట్టెక్కింది. ముద్రలు పడిన అసలు ప్రతి అదొక్కటే. నిండు సభలో దాని మీద స్పీకర్ సంతకం పడాలి. పొద్దుగుంకేలోగా పడకపోతే బిల్లు చచ్చినట్టే, మళ్ళీ సభ కూడేది రెండేళ్ళకి. డుమ్మా కొట్టినవాళ్ళను పట్టుకురమ్మని భటులను పంపి, ఉన్నవాళ్ళు జారిపోకుండా స్పీకర్ లడ్లో తలుపు వేయించారు. సభ్యులంతా లేచి తలుపుకేసి తిరిగి అరుచుకున్నారు. బిల్లు ఆ గోలలోనే మాయమైంది.

"దొరికేదాకా ఎవరూ కదలడానికి లేదు," అన్నారు లడ్లో.

కిటికీలు మంచుతో బిగుసుకుపోయి ఉన్నాయి. చుట్టపొగ, పొయ్యి సెగ, తడి కోట్ల వాసన. పైన గ్యాలరీలో స్టాట్ చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. పక్కన ఆయన గురువు, ప్రైవేట్ డిటెక్టివ్ క్విల్టర్, నింపాదిగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. ఎవరో తన బల్ల చుట్టూ తిరుగుతున్నారని ఆ ఉదయమే టామ్సిన్ భయపడుతూ వచ్చి వాళ్ళను పిలుచుకొచ్చింది.

"పద స్టాట్, కిందికి పోదాం. మనమూ బోనులో పడ్డాంగా," అన్నాడు క్విల్టర్.

కింద గ్రిమ్‌షా అనే గని యజమాని టామ్సిన్ మీద విరుచుకుపడుతున్నాడు. బిల్లును మొదటి నుంచీ బాహాటంగా తిట్టినవాడు. "ఎంతకు అమ్మావమ్మాయ్? తండ్రి పేరు చెప్పుకుని గుమస్తా ఉద్యోగం కొట్టేశావు, ఇప్పుడు తండ్రి బిల్లునే మింగేశావా?"

"నేనమ్ముకుంటానా అయ్యా?" అంది టామ్సిన్. "మా తమ్ముడు ఈ పొద్దు కూడా మీ గనిలోకే దిగాడు. లోపల మంట లేస్తే వాడెటు రావాలి?"

ఆమె తండ్రి ఎజ్రా ట్రెలోర్ ఈ సభలో సభ్యుడే. ఆ బిల్లు తెచ్చింది ఆయనే. పది రోజుల కిందట ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఆయన బల్ల మీద నల్లగుడ్డ నేలదాకా కప్పి, గాజుగిన్నెలో తెల్లపూలు పెట్టారు. సభ ముగిసేదాకా దాని మీద ఎవరూ చెయ్యి వెయ్యరు.

వెతుకులాట మొదలైంది. కోట్లు దులిపారు, టోపీలు తిరగేశారు, ఉమ్ముతొట్లు కూడా వంచి చూశారు. ప్రతి సభ్యుడూ తన బల్ల సొరుగు తానే లాగి చూపించాడు. పొయ్యి పక్కనే తలుపు కాపలాదారు కూర్చున్నాడు గనక కాల్చే వీల్లేదు. బిల్లు మాత్రం లేదు. కిటికీలోంచి పడే ఎండ గోడ పైకి పాకుతోంది.

క్విల్టర్ అడుగుతుంటే, స్టాట్ ఒక బల్ల మీది సిరాలో కలం ముంచి జవాబులు రాసుకున్నాడు.

"మీరు చెప్పండి బెల్ గారూ."

కార్వర్ బెల్ కళ్ళు తుడుచుకున్నాడు. గని కూలీల ఓట్లతోనే గెలిచిన మనిషి. "ఏం చెప్పమంటారండీ? ఆ బిల్లుకు ఓటేసినవాణ్ణి. ఎజ్రా నాకు అన్నలాంటోడు. తలుపులేస్తుంటే ఆయన బల్ల దగ్గర మోకరిల్లి ఉన్నా. అడగండి, చూసినోళ్ళు ఉన్నారు."

నిజమే, స్టాట్ కూడా చూశాడు. అప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి కూడా.

"చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా!" అన్నాడు క్విల్టర్. "ఆ చొక్కా చేతి మీద మరకేంటండీ?"

"సిరా. ఈ దిక్కుమాలిన దవాతు ఒలికింది."

క్విల్టర్ తలూపి ఇటు తిరిగాడు. "ఏవయ్యా స్టాట్, చేతులు కడుక్కోరాదూ? వేళ్ళు వంకాయల్లా ఉన్నాయి."

ఎజ్రా బల్ల దగ్గర స్టాట్ ఒక్క క్షణం ఆగాడు. "గురువు గారూ, స్పీకర్ బల్ల మీది పూలు నవనవలాడుతున్నాయి. ఇవీ పొద్దున పెట్టినవే, అప్పుడే తలలు వేలాడేశాయి పాపం."

క్విల్టర్ ఆయన భుజం తట్టాడు. "ఇక చాలు."

"అందరినీ కూడెయ్యమంటారా?"

"తాళమేసి కూడేశారుగా!" క్విల్టర్ సభ మధ్యకు నడిచాడు. "అయ్యా, ఎవరి సొరుగు వాళ్ళు లాగారు. మరి లాగేవాడే లేని సొరుగు ఎవరు చూశారు?"

అందరూ నల్లగుడ్డ వైపు తిరిగారు.

"అపచారం!" అన్నారు లడ్లో.

"ఆ భక్తినే దొంగ నమ్ముకున్నాడండీ. అందరి కళ్ళూ తలుపు మీదుండగా బిల్లు తీసి కోటులో దోపాడు. ఇక్కడ మోకరిల్లి, గుడ్డ కింద చెయ్యిపెట్టి సొరుగు లాగాడు. గుడ్డ ఈడ్చుకొచ్చి గిన్నె ఒరిగింది, నీళ్ళు పోయాయి. పూలకు దాహం, గుడ్డకు తడి." క్విల్టర్ తన తెల్ల రుమాలు గుడ్డకు అదిమి ఎత్తి చూపాడు. కారునలుపు. "చవక గుడ్డ, తడిస్తే రంగు దిగుతుంది. బెల్ గారూ, మీ మరకా ఇదే నలుపు. ఈ సభలో సిరా మాత్రం ఊదారంగు. మావాడి వేళ్ళు చూడండి."

గ్రిమ్‌షా ఎటో చూడసాగాడు. బెల్ పెదవులు తడుపుకున్నాడు. "ఓటెయ్యకపోతే కూలీలు తంతారు. బిల్లు పాసైతే గని యజమానులు బతకనివ్వరు. నన్నేం చెయ్యమంటారు?"

"నాన్న బల్ల నేను తెరుస్తా," అంది టామ్సిన్. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆమె గుడ్డ మడిచి పైకెత్తి, సొరుగు లాగింది. తండ్రి కళ్ళజోడు, సగం కాలిన కొవ్వొత్తి, వాటి మీద బిల్లు. ఓ మూల నల్లగా తడిసింది, అంతే.

బెల్ ఒక్క ఉదుటున పరిగెత్తి తలుపు గుంజాడు.

"స్పీకర్ గారు చెప్పందే తియ్యనండి," అన్నాడు కాపలాదారు.

సభ్యులు లేచి మీదమీదకు వస్తున్నారు. బెల్ గోడకు ఆనుకుని అటూ ఇటూ చూశాడు. "ఇంకో దారి లేదా దీనికి?"

టామ్సిన్ బిల్లును స్పీకర్ ముందు పరుస్తోంది. తలెత్తలేదు.

"అది రాసిన కాగితమే కదయ్యా, మీరు దాచింది."

ఎండ గోడ చివరికంటా పాకింది. లడ్లో ఊదా సిరాలో కలం ముంచారు.