ఫర్నేసు గొట్టంలో పిలుపు

మేమంతా వలస వచ్చి స్థిరపడిన ఏజాక్స్‌లో, కేశవరావు ఇంటి బేస్‌మెంటులో, ఇల్లంతటికీ గొట్టాల గుండా వేడిగాలి పంపే ఫర్నేసును ఆనుకుని ఒక చిన్న గది ఉంది. ఆ గదికి మంచి పేరు లేదు. పడుకోవడానికి చోటు దొరికితే చాలునని చదువుకు వచ్చిన పిల్లలు ఒక్కో హాలులో ఆరేసి పరుపులు పరుచుకుంటున్న రోజుల్లో కూడా అది నెలల తరబడి ఖాళీగా ఉండేది. చేరినవారు నెల తిరగకుండానే సూట్‌కేసులు ఈడ్చుకుంటూ వెళ్లిపోయేవారు.

ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట... "రేవంత్ ఇంకా ఆడుతున్నాడు."

రేవంత్ జగిత్యాల నుంచి వచ్చిన విద్యార్థి. ఇరవై మూడేళ్లవాడు. ఫిబ్రవరి మంచులో, గిడ్డంగిలో రాత్రి పని ముగించుకుని వస్తుండగా హైవే మీద కారు జారి చనిపోయాడు. కాలేజీ ఫీజు కోసం అతను కూడబెట్టిన పదకొండు వేల డాలర్లు మాత్రం ఎక్కడా కనిపించలేదు. ఆన్‌లైన్ రూలెట్‌లో, అంటే చక్రంలో గోళీ తిప్పి అంకెల మీద కాసే జూదంలో, పోగొట్టుకున్నాడని తేలింది.

తేలింది అని రాశాను. తేల్చినవాళ్లం మేమే — కేశవరావు, నేను.

కేశవరావు నాకు ముప్ఫై ఏళ్ల మిత్రుడు. దేవాలయ కమిటీలో మా కుర్చీలు పక్కపక్కన ఉండేవి. పిల్లవాడు పోయిన వారానికి అతను నన్ను పిలిచి లాప్‌టాప్ తెరిచి చూపించాడు. జూదం సైటులో ఖాతా. రేవంత్ పేరు, రేవంత్ పాస్‌పోర్టు, పోయిన డబ్బు. బ్యాంకుకు తెలియకుండా అంతా క్రిప్టో నాణేలలోనే నడిచింది. వీధి మూలనున్న దుకాణంలో ఒక మెషీన్ ఉంటుందట. అందులో నగదు వేస్తే చాలు, ఆ నాణేలు ఫోనులోకి వచ్చిపడతాయట.

నేను ఇంజనీరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. తెర మీద పేరు చూశాను, నమ్మాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన రేవంత్ తండ్రి అంజయ్యకు నేనే ఫోన్ చేశాను. మీ అబ్బాయికి ఆ అలవాటు ఉండేదండీ అన్నాను. పిల్లలను ఎలా పెంచాలో కూడా నాలుగు మాటలు చెప్పినట్టు గుర్తు. ఆయన అన్నీ విని, "మంచిది సారూ" అని పెట్టేశారు.

ఏడాదిన్నర దాటింది. నిరుడు అక్టోబరులో ఒక సాయంత్రం నాకు ఫోన్ వచ్చింది.

"విశ్వనాథం అంకులేనా? మా మామకు ఫోన్ చేసింది మీరే కదా?"

ఆ అమ్మాయి వైదేహి. అంజయ్య చెల్లెలి కూతురు. తల్లి పోయాక మేనమామ ఇంట్లోనే పెరిగింది. ఇక్కడి కాలేజీలో చేరి, ఎవరికీ ఏమీ చెప్పకుండా ఆ గదే అద్దెకు తీసుకుంది. ఇంటిపేరు వేరు గనుక కేశవరావు పోల్చుకోలేదు. అందరినీ అడిగినట్టే పాస్‌పోర్టు కాపీ అడిగి పుచ్చుకున్నాడట.

కాఫీ దుకాణంలో నా ఎదురుగా కూర్చుని ఆమె చెప్పినదే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి రాత్రి ఏమీ లేదు. రెండో రాత్రి, పదిన్నర ప్రాంతంలో, గోడలోంచి ఒక చప్పుడు. ఏదో గుండ్రటిది గిన్నె అంచు వెంట పరుగెడుతున్నట్టు... ర్‌ర్‌ర్‌ర్... ఆ పైన టక్, టక్, టక్. తరువాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక ఆడగొంతు. తీయగా, పరాయి యాసలో —

"వెల్‌కమ్ బ్యాక్, రేవంత్."

వైదేహి దుప్పటి కప్పుకోలేదు. లేచి, గోడకు చెవి ఆనించింది. మళ్లీ ఆ పరుగు. మళ్లీ ఆ గొంతు, ఏదో అంకె చెప్పి, "సారీ, రేవంత్" అంటూ... సానుభూతిగా.

ఆమె వణుకుతూ, గొంతు తగ్గించి పిలిచింది.

"బావా..."

జవాబుగా ఒక దగ్గు వినిపించింది. ముసలి దగ్గు. ఆ వెనకే, వేడిగాలి గొట్టంలోంచి సన్నగా తలనొప్పి బామ్ వాసన.

"అంకుల్, దయ్యానికి దగ్గొస్తదా?" అని అడిగింది నన్ను. ఆ బామ్ వాసన ఎవరిదో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లుగా ఆ వాసన పక్కనే కూర్చున్నాను.

డబ్బు సంగతి అడిగాను. అప్పట్లో విద్యార్థులకు వారానికి ఇరవై గంటలే అనుమతి. అంతకు మించి చేసిన పనికి రేవంత్ నగదు తీసుకునేవాడట. బ్యాంకులో వేస్తే వీసాకు చిక్కు వస్తుందని భయపడి, ఆ నోట్ల కట్టలు ఒక పెద్దాయన దగ్గర దాస్తున్నానని ఇంట్లో చెప్పాడట. ఆ పెద్దాయన పేరు చెప్పలేదు. అడగవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు.

"రేపు పెత్రమాస అంకుల్. చనిపోయినోళ్ల పేరు చెప్పి పంతులుకు బియ్యం ఇస్తరు. మామ ముత్తాత పేరు కూడా చెప్తడు. బావ పేరు మాత్రం చెప్పనన్నడు. జూదమాడినోని పేరు నా నోట రాదన్నడు." కప్పును రెండు చేతులా పట్టుకుని ఆగింది. "మళ్లా ఏడాది దాకా పిలిచేది లేదు."

ఆ రాత్రే వెళ్లాను. అమావాస్య. ఆ వీధిలో దీపాలున్నా ఆ ఇంటి పక్కదారి చీకటిగానే ఉంది. బేస్‌మెంటు తలుపు వైదేహి తీసింది. గదిలో ఒక పరుపు, ఒక కుర్చీ, గోడకు ఆవల ఫర్నేసు రొద. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె నిలబడింది.

పదీ ఇరవై...

ర్‌ర్‌ర్‌ర్...

నిజం చెప్పాలి. జరుగుతున్నది ఏమిటో నాకు అర్థమైపోయింది. అయినా ఆ గొంతు ఆ పేరు పలికినప్పుడు నా చేతుల మీది వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. చనిపోయిన పిల్లవాణ్ణి ఎవరో నవ్వుతూ ఆటకు పిలుస్తున్నారు.

మెట్లెక్కాను. తలుపు తాళం వేసి లేదు. కేశవరావు భార్య శ్యామల గారు పై అంతస్తులో నిద్రపోతున్నారు. గొట్టానికి సరిగ్గా పైనున్న చిన్న గదిలో వెలుగు...

తోశాను.

కేశవరావు నాకు వీపు చేసి కూర్చున్నాడు. చెవి మిషను తీసి బల్ల మీద పెట్టాడు — అందుకే అంత పెద్ద శబ్దం పెట్టుకున్నాడు. తెర మీద ఎక్కడో దూరదేశపు స్టూడియోలో ఒక యువతి నిజమైన చక్రం తిప్పుతోంది. ఆడేవారి పేర్లు ఆమె ఎదుట కనబడతాయి. ఆ పేర్లతోనే పలకరిస్తుంది. అది ఆమె ఉద్యోగం. కేశవరావు నుదురు బామ్‌తో జిడ్డుగా మెరుస్తోంది. పక్కన పళ్లెంలో గుడి ప్రసాదం లడ్డూ. నెయ్యి అంటిన వేలితోనే మీటలు నొక్కుతున్నాడు. బొజ్జ మీద పొడి రాలి ఉంది. పందెం ఇరవై మూడు మీద.

నా నీడ పడితే తిరిగి చూశాడు. చెవి మిషను కోసం తడుముకున్నాడు. పెట్టుకున్నాడు. ఆ తరువాత అతను పలికిన మొదటి మాట ఇది —

"శ్యామలకు చెప్పకు, విశ్వం."

ఆ పిల్లవాడి గురించి కాదు.

నేను నిలబడే ఉన్నాను. అతనే చెప్పుకుంటూ పోయాడు. రెండేళ్ల కిందట భార్యకు పట్టుబడి, తన ఖాతాను తానే శాశ్వతంగా మూయించుకున్నాడట. మళ్లీ ఆడాలంటే వేరే పేరు కావాలి. బేస్‌మెంటులో ఉన్నవాడి పాస్‌పోర్టు కాపీ సొరుగులో ఉంది. దాచమని ఇచ్చిన నగదూ అదే సొరుగులో ఉంది. గెలిచి తిరిగి పెట్టేద్దామనుకున్నాడట. ఈలోగా వాడు చనిపోయాడు.

ఇరవై మూడు ఎందుకని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"వాడి వయసు. పోయినవాడి అంకె కదా... ఎప్పటికైనా తగులుతుందని."

ముప్ఫై ఏళ్లుగా ఈ చేతికి చేయి కలిపాను. ఈ మనిషి మాట మోసుకెళ్లి ఒక తండ్రి చెవిలో పోశాను.

వెనక వైదేహి నిలబడి ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఫోనులో ఆ తెరనూ, ఆ పేరునూ, ఆ మనిషినీ వీడియో తీసింది. తరువాత నా వైపు చూసి, "మామ దగ్గర పొద్దున ఎనిమిది దాటింది అంకుల్. పంతులు వస్తడు" అంది.

అంజయ్య గారికి ఆ గదిలో నిలబడే ఫోన్ చేశాను. నేను చెప్పింది తప్పని, మీ అబ్బాయి ఒక్క పందెం కూడా ఆడలేదని, అతని పేరుతో ఆడిన మనిషి నా ఎదురుగానే ఉన్నాడని, చక్రం తిప్పే అమ్మాయి ఇప్పటికీ ఆ పేరే పిలుస్తోందని, నన్ను క్షమించనవసరం లేదని చెప్పాను. కేశవరావు లడ్డూ పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. తెర మీది యువతి ఇంకా నవ్వుతూనే ఉంది.

అటువైపు నుంచి ఒక్క ప్రశ్న.

"ఆ పిల్ల... మావాణ్ణి పేరు వెట్టి పిలుస్తదా సారూ?"

"పిలుస్తుందండీ. రోజూ."

"నేను పిలువక ఏడాదిన్నరాయె."

ఫోను ఎక్కడో కింద పెట్టిన చప్పుడు. లైను మాత్రం తెగలేదు. అడుగులు దూరమయ్యాయి. ఒక సంచీ మూతి విప్పిన అలికిడి. ఇత్తడి పళ్లెంలోకి బియ్యం జారుతున్నాయి... ర్‌ర్‌ర్‌ర్... అంచు దాటిన గింజలు నేల మీద పడుతున్నాయి, టక్, టక్, టక్.

తరువాత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలోంచి ఒక ముసలి గొంతు, ఎవరినో ఇంట్లోకి పిలుస్తున్నట్టు —

"రేవంతూ..."

వైదేహి నా చేతిలోంచి ఫోన్ తీసుకుని చెవికి ఆనించుకుంది. సరిగ్గా అప్పుడే కింద, ఎవరూ లేని ఆ గదిలో, ఎవరో బయటికి వెళ్లినట్టు తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు మా ముగ్గురికీ వినబడింది.