అడగకముందే పోసిన చాయ్

కారు దిగే మనిషికి ఏ చాయ్ కావాలో, ఆ మనిషి నోరు తెరవకముందే తనకు తెలిసిపోతుందని వీరేందర్‌కు గట్టి నమ్మకం. శంషాబాద్ దాటాక, ఎయిర్‌పోర్టు బుకింగుల కోసం క్యాబులు బారులు తీరే చోట అతని చాయ్ హోటల్. ఫలానా తెల్లకారు మలుపులో కనిపిస్తే చాలు, డ్రైవర్ డోరు మూసేలోపు అతని స్ట్రాంగ్ చాయ్ బల్ల మీద ఉంటుంది. ఈ విద్యలో తనను కొట్టేవాడే లేడని అతని ధీమా.

ఆ ధీమా కాస్తా ఒక వానరోజు పొద్దున తొమ్మిదింటికి బోర్లా పడింది.

లావుపాటి పుస్తకాన్ని చున్నీ కింద దాచుకుని ఒక అమ్మాయి లోపలికి పరుగెత్తుకొచ్చింది. బెంచీ మీద కూర్చుందో లేదో, ఎదురుగా రెండు చెంచాల చక్కెర వేసిన చాయ్ పొగలు కక్కుతోంది.

"నేనింకా ఏమీ అడగలేదే!"

"అడగాల్నా మేడమ్? వానల తడిసినోళ్లకు మీఠా చాయే కావాలె. మొఖం జూస్తే తెలుస్తది."

"నేను పంచదార తాగనండీ."

పక్క బెంచీ మీది డ్రైవర్లు గొల్లుమన్నారు. వీరేందర్ చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు పారబోసి, కడిగి, మళ్ళీ మొదలుపెట్టాడు. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి కళ్ళార్పకుండా తన చేతుల వంకే చూస్తోంది. అవేం కళ్ళో ఏమో, చాయ్ కాస్తా గ్లాసు దాటి పొర్లిపోయింది.

"ఇప్పుడు మీరేం చేశారో తెలుసా?" అంది ఆ అమ్మాయి.

"చాయ్ ఖరాబ్ చేసిన. ఇంకేంది?"

"కాదండీ! కంప్యూటర్‌లో ప్రాసెసర్ ఏం చేస్తుందో అచ్చంగా అదే చేశారు!"

పేరు సాహితి. ఊరు బెజవాడ. బుద్వేల్‌లో హాస్టల్. దగ్గర్లోని పాలిటెక్నిక్‌లో పది రోజుల్లో డెమో క్లాసు చెప్పాలి. పాఠం, మైక్రోప్రాసెసర్ ఎలా పనిచేస్తుంది. నచ్చితే ఉద్యోగం, ఇక్కడే ఉండిపోవడం. నచ్చకపోతే పెట్టె సర్దుకుని ఇంటికి రమ్మని నాన్నగారి మాట.

"పుస్తకంలో ఉన్నట్టు చెబితే మూడో నిమిషానికి పిల్లలు నిద్రపోతారు. ఐదో నిమిషానికి నేనూ నిద్రపోతాను. మీ హోటల్ కాస్త చూసి నేర్చుకోవచ్చా?"

మూలనున్న స్టూలు ఆ రోజు నుంచి సాహితిది అయిపోయింది.

"ప్రాసెసర్‌కి సొంత తెలివి ఉండదు," అని మొదలుపెట్టింది మర్నాడు. "ఒక ఆదేశం తెచ్చుకుంటుంది, అదేమిటో తెలుసుకుంటుంది, చేసేస్తుంది. వెంటనే ఇంకోటి. సెకనుకి వందల కోట్ల టిక్కులు కొట్టే గడియారం ఉంటుంది దానికి. ఆ టిక్కుల ప్రకారం పనంతా నడుస్తుంది."

"తెలివి లేకుండ గంత పనా? అచ్చం మావోని లెక్కనే!" అంది పొయ్యి దగ్గర మిరపకాయ బజ్జీలు వేస్తున్న వీరేందర్ తల్లి చంద్రమ్మ.

"అమ్మా, నువ్వు జర ఊకో."

సాహితి నవ్వాపుకుంది. "ఎక్కువ వాడేవి చేతికందేంత దగ్గర పెట్టుకుంటుంది, మీ గ్లాసుల్లాగా. తర్వాతవి వెనక అలమరలో. మిగతావన్నీ గోదాములో."

"మాటిమాటికి గోదాముకు ఉరికితే ఆలస్యమైతది గదా!"

"అదే దాని బాధ కూడా! సరే, పాలు కాగేటప్పుడు మీరు ఊరికే నిలబడతారా?"

"ఎందుకుంట? ఒక దిక్కు వడగడత, ఇంకో దిక్కు గ్లాసులు కడుగుత."

"అదీ అంతే. ఒక పని సగంలో ఉండగానే తర్వాతది అందుకుంటుంది. చిక్కంతా దారి రెండుగా చీలినచోట. పంచదార కావాలా, వద్దా? జవాబు వచ్చేదాకా ఆగితే పనంతా ఆగిపోతుంది. అందుకని పాత అనుభవాన్ని బట్టి ఊహించేసి ముందుకెళ్ళిపోతుంది."

"తప్పైతే?"

"చేసిందంతా పారబోసి, చీలిక దగ్గర్నుంచి మళ్ళీ మొదలు."

"నా లెక్క సిగ్గుపడ్తదా?"

"సిగ్గా! కొన్నయితే ఒక్కసారి తప్పినా పద్ధతి మార్చుకోవు. ఏదో పొరపాటులే అనుకుంటాయి. వరసగా రెండుసార్లు తప్పితేనే మనసు మార్చుకుంటాయి."

పది రోజుల్లో వీరేందర్‌కు ప్రాసెసర్ సగం అర్థమైంది. రేపు ఈ పిల్ల బెజవాడ వెళ్ళిపోతే పొద్దున తొమ్మిది ఎట్లా గడుస్తుందో మాత్రం అర్థం కాలేదు. సాహితి అంటే ప్రాణమైపోయింది. ఆ మాట చెప్పాలని నోరు తెరిచిన ప్రతిసారీ, పాపం డెమో టెన్షన్‌లో ఉంది, అది అయిపోనీ అని తమాయించుకున్నాడు.

శుక్రవారం డెమో అయింది. శనివారం తొమ్మిదింటికి సాహితి రాలేదు. పదింటికి హోటల్ ముందు కారు ఆగింది. పట్టుచీరలో సాహితి దిగింది. వెనకే ఒక పెద్దాయన. ఆ పక్కన, ఇస్త్రీ మడత నలగని చొక్కాలో ఒక కుర్రాడు. అతని చేతిలో మిఠాయి డబ్బా.

వీరేందర్ టక్కున ఊహించేశాడు. పెళ్ళి కుదిరింది, వెళ్ళిపోతోంది. అయినా చేతులు మాత్రం ఆగలేదు. మూల స్టూలు తీసి లోపల పెట్టేశాడు. వాళ్ళు కూర్చునేలోపే మూడు గ్లాసుల్లో రెండేసి చెంచాల చక్కెర వేసి చాయ్ పోశాడు.

"ముబారక్ మేడమ్! జోడి మంచిగున్నది. పెండ్లికి మమ్ముల గూడ పిలువుర్రి."

అప్పుడే చాయ్ గుక్క వేసిన కుర్రాడికి పొలమారింది.

"అయ్యో, నాకు పెళ్ళయి ఇద్దరు పిల్లలండీ! నా పేరు అరుణ్‌కుమార్, పాలిటెక్నిక్‌లో లెక్చరర్‌ని. నిన్న ఈవిడ మీ హోటల్‌నే ఉదాహరణగా పెట్టి ప్రాసెసర్ పాఠమంతా చెప్పారు. గంట కొట్టినా పిల్లలు బెంచీల మీంచి కదల్లేదు. ఉద్యోగం ఖాయం! సోమవారం మా పిల్లల్ని ఇక్కడికి తీసుకురావచ్చా అని అడుగుదామని వచ్చాను."

"ఈయన మా నాన్నగారు, జగన్మోహనరావు గారు," అంది సాహితి. "రోజూ ఫోన్లో నేను చెప్పే ఆ టీ పోసే ఆయన్ని చూడాలని బెజవాడ నుంచి వచ్చారు." ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "పంచదార వేశారు."

"తీపి కబురు గదా అని..."

"నా గురించి మీరు ఊహించింది రెండే రెండుసార్లు. మధ్యలో అన్నాళ్ళూ నేను చెప్పింది పోశారంతే. ఆ రెండూ తప్పే." లేచి గ్లాసు పారబోసింది, కడిగింది, ఖాళీ గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. "వరసగా రెండుసార్లు తప్పితే?"

"మనసు మార్చుకోవాలె."

"అయితే ఇక ఊహించకండి. అడగండి."

"అడుగురా కొడుకా! గట్ల నిలబడ్డవేంది?" అంది చంద్రమ్మ.

వీరేందర్ పెద్దాయన కళ్ళలోకి ఒకసారి సూటిగా చూసి, సాహితి వైపు తిరిగాడు. "మీరంటే నాకు పానం. నన్ను పెండ్లి చేసుకుంటరా?"

ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు. మలుపులో తెల్లకారు హారన్ కొట్టింది. స్ట్రాంగ్ చాయ్ అని తెలుసు, అయినా చెయ్యి కదల్లేదు. జవాబు కోసం ఆగడం అతనికి అదే మొదటిసారి.

"చేసుకుంటాను," అంది సాహితి. "ముందా స్టూలు తెచ్చి ఎక్కడిదక్కడ వెయ్యండి."

జగన్మోహనరావు గారు గొంతు సవరించుకున్నారు. ఆయన ఖాళీ గ్లాసు ముందుకు జరిపారు.

"బాబూ, మా అమ్మాయి సంగతేమో గానీ, నా పంచదార లెక్క మాత్రం చెప్పకుండానే పట్టేశావు. రెండు చెంచాలు. ఇంకోటి పొయ్యి, కూర్చుని ముహూర్తం సంగతి మాట్లాడుకుందాం."