నారింజ రంగు సీసా

"కొల్లాపూర్ మామిడి దిగిందా?"

"దిగింది గానీ, ఇంకా పండలే," అంది నిరోష, తుమ్ము ఆపుకుంటూ.

జడ్చర్ల చౌరస్తాలో, చాయ్ బండి పక్కన, కోడ్ మాట సరిపోయింది. గూఢచారి విభాగం చీఫ్ శ్రీశైలం తలకు చుట్టుకున్న రుమాలు సర్దుకున్నాడు. చూసినవాళ్లెవరైనా ఆయన్ని మేకల బేరగాడనే అనుకుంటారు. బ్రీఫింగ్ మాత్రం ముక్తసరిగా ఇచ్చాడు.

ఊరి బయట ఒక ప్రైవేట్ ల్యాబ్. అందులో డాక్టర్ యోహాను, భువనగిరి మనిషి, నాలుగేళ్లు తల బద్దలుకొట్టుకుని ఒక బైరాడికల్ కట్టాడు. ఒకే అణువులో రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు, ఒకదానికొకటి అడ్డంగా, కదలకుండా నిలబడేలా బిగించాడు. మందు పొడిలో దాన్ని కలిపి, గడ్డకట్టించి, పెద్ద అయస్కాంతంలో పెట్టి మైక్రోవేవ్ తగిలిస్తే ఆ ఎలక్ట్రాన్లు తమ బలాన్ని పక్కవాటికి పంచుతాయి. కనబడీ కనబడని సిగ్నల్ వందల రెట్లు లేస్తుంది. నెలలు పట్టే పరీక్ష పూటలో తేలిపోతుంది. ఉన్నది ఒక్క సీసా, నారింజ రంగు ద్రావణం. పేటెంట్ ఇంకా వేయలేదు. ఒక విదేశీ ముఠా ఆ సీసా ఎత్తుకుపోయి, మాలిక్యూల్ తమదేనని రాయించుకోవాలని చూస్తోంది.

"సీసా పోతే ఆయన నాలుగేండ్ల కష్టం పోయినట్టే," అన్నాడు శ్రీశైలం. "లోపల స్వర్ణ ఉంటది, మన మనిషే. అయినా జర పైలం."

ఆదివారం కావడంతో ల్యాబ్‌లో పురుగు కూడా లేదు. మెషీన్లు సరిచూసే ఇంజనీర్ వేషంలో వెళ్లిన నిరోషకు సెక్యూరిటీ ఆఫీసర్ స్వర్ణ ఎదురొచ్చింది. సన్నంచు పట్టుచీర, నల్లద్దాలు, గది దాటినా వదలని మల్లె సెంటు. కోడ్ మాట తడుముకోకుండా చెప్పి, "రా అక్కా," అని చేయి పట్టుకుని తీసుకెళ్లింది.

సీసా దాచిన అయస్కాంతం గది ముందు యోహాను ఆపాడు. ఇనుము లోపలికి రాకూడదని నిరోష వాచీ, ఫోను, పిస్తోలు బయటి అరలో పెట్టించాడు. ఆమె జేబులో జలుబుకు వేసుకునే విటమిన్ సి బిళ్లల పట్టీ దొరికింది. దాన్ని చూసేసరికి ఆయన ముఖం మాడిపోయింది.

"పిస్తోలైతే మనిషినే సంపుతది. గిది నా రాడికల్‌ను సంపుతది, తల్లీ," అంటూ పట్టీ లాక్కుని తన కోటు జేబులో వేసుకున్నాడు. రూలు పెట్టిన మనిషే రూలు మరిచి, జేబుతో సహా లోపలికి నడిచాడు.

నిరోష కూడా అడుగుపెట్టగానే వెనక తలుపు పడింది. బయట గొళ్లెం బిగిసింది.

స్పీకర్‌లో స్వర్ణ గొంతు తేనెలా వచ్చింది. సీసాను గోడలో నమూనాలు అందించే చిన్న కిటికీలో పెడితే తలుపు తీస్తుందట. పెట్టకపోతే ఆమె తొందరపడదు. నమూనాలను చల్లబరిచే నైట్రోజన్ గొట్టం అప్పటికే తిప్పేసింది. దాని వాల్వు బయట, మూతి లోపల. తెల్లటి చలి నేలంతా పాకింది, గదిలో ఆక్సిజన్ తగ్గుతూ గోడ మీది మీటర్ ఎర్రగా మెరవసాగింది. మనిషి దూరేంత కిటికీ ఒక్కటీ లేదు. తలుపుకు లోపలివైపు పిడి కూడా లేదు. నిరోష భుజంతో గుద్దింది, కాలితో తన్నింది. తలుపు చలించలేదు. ఇలాంటి చోట్ల ఎన్నోసార్లు ఇరుక్కుంది గానీ, గాలే శత్రువైన చోట ఎప్పుడూ లేదు. నిజంగా భయమేసింది.

"సీసా తీసుకున్నంక మనల్ని వదుల్తదా?" అనడిగాడు యోహాను.

"వదలదు సార్. తీసుకోంగనే ఏం చేస్తది?"

పక్కగదిలో రాడికల్ బతికుందో లేదో తెర మీద గీతగా చూపే చిన్న మెషీన్ ఉందని, కొనేవాళ్లకు వీడియోలో ఆ గీత చూపాల్సిందేనని ఆయన చెప్పాడు. గీత రాకపోతే? మెషీన్ పాడైందనుకుంటుంది. బాగుచేయగలిగినవాడు ఇక్కడ ఆయనొక్కడే.

ఇద్దరి చూపూ ఒకేసారి ఆయన కోటు జేబు మీద పడింది.

"సచ్చిపోతే రంగు పోతది," అన్నాడాయన. "ఆ స్వర్ణకు గుర్తుపట్టుడు ఎరుకే."

నిరోష ఆ జేబులోంచి పట్టీ తీసి పైకెత్తి చూపింది. బిళ్లలు నారింజ రంగువి.

యోహాను బిళ్ల నలిపి, కాసిని నీళ్లలో కలిపి, పైతేటను సిరంజితో తీసి, నాలుగేళ్ల కష్టంలోకి తానే వదిలాడు. రాడికల్ రంగు పోయింది, బిళ్ల రంగు నిలిచింది. ఆయన సిగ్గుపడకుండా ఏడ్చాడు. నిరోష సీసాను కిటికీలో పెట్టింది.

స్వర్ణ వెలుతురుకు ఎత్తి చూసి తృప్తిగా వెళ్లింది. తలుపు మాత్రం తీయలేదు. నిరోషకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. యోహాను మోకాళ్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి స్పీకర్ మళ్లీ పలికింది. ఈసారి గొంతులో తేనె లేదు.

"సార్, మెషీన్‌ల గీత వస్తలేదు. మీరొక్కరే బయటికి రాండ్రి."

గొళ్లెం కదిలింది. తలుపు సందులోంచి ముందు మల్లె సెంటు, తర్వాత పిస్తోలు వచ్చాయి. తలుపు పక్కన నక్కిన నిరోష, నైట్రోజన్ గొట్టం మూతిని ఆ చేతి మీదికి తిప్పింది. చలికి వేళ్లు కొయ్యబారి పిస్తోలు జారిపడింది. మిగతా పనికి నిరోష భుజం చాలింది. గేటు బయట కారులో కాచుకున్న ముఠా మనుషుల్ని మేకల బేరగాడు అప్పటికే పలకరిస్తున్నాడు.

వారం తర్వాత యోహాను ఆమెను పిలిపించాడు. చచ్చిన రాడికల్‌కు ఓపిగ్గా ఆక్సిజన్ తగిలిస్తే తిరిగి లేవొచ్చట. "లేస్తదో లేదో ఆ రోజు నాకే తెల్వదు," అన్నాడు. ఆ రోజు ఇద్దరికీ దొరకనిదే దానికి ప్రాణం పోసింది. మెషీన్ తెర మీద గీత నిటారుగా లేచింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

నిరోష గట్టిగా తుమ్మింది. మిగిలిన బిళ్లలు ఇమ్మని చేయి చాపితే, ఆయన తలుపు వైపు చూపించాడు. అక్కడ కొత్త బోర్డు ఉంది: పిస్తోళ్లు బయట పెట్టవలెను, జలుబు బిళ్లలు ఊళ్లోనే వదిలి రావలెను.