ముందు నాలుగుతో భాగించు

“తప్పు!” అంటూ జగన్నాధం పలక పక్కనున్న పుస్తకంలో ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టాడు.

“జవాబు అయిదేనా, కాదా?” కూర్మమ్మ నడుం మీద చెయ్యేసింది.

“అయిదే. కానీ మొదటి మెట్టు తప్పు.”

గజపతినగరంలో అప్పలసూరి అరుగు మీద మూడు నెలలుగా ఇదే రభస. కూర్మమ్మ అతని కూతురు. ఎస్.ఎస్.ఎల్.సి. లెక్కల్లో తప్పింది, సెప్టెంబరులో మళ్ళీ కూర్చోవాలి. జగన్నాధం వరసకి బావ, బి.యస్సీ. ప్యాసయ్యాడు, రోజూ వచ్చి పాఠం చెబుతాడు. చెప్పేది లెక్కలే గానీ, చూసేది మాత్రం ఆ పిల్ల కళ్ళనే. ఆ సంగతి వీధంతా ఎరుగుదురు. ఆ మహానుభావుడు నోరు విప్పితే కదా!

ఇప్పుడా నోటికి గడువు పడింది. ఆదివారం కొత్తవలస నుంచి ఓ రైల్వే గుమాస్తా కూర్మమ్మని చూసుకోవడానికి వస్తున్నాడట. ఇవాళ శుక్రవారం.

లెక్క ఇది: 4(x + 3) = 32.

“ముందు నాలుగుని బ్రాకెట్లోకి పంపి గుణించాలి. నాలుగు ఎక్సు ప్లస్ పన్నెండు, ముప్ఫై రెండు. పన్నెండు తీసెయ్. నాలుగు ఎక్సు ఇరవై. ఎక్సు అయిదు.”

“అంత తిరుగుడేటి బావా? నాను రెండు వేపులా నాలుగుతో భాగించీసినాను. ఎక్సు ప్లస్ మూడు, ఎనిమిది. మూడు తీస్తే అయిదు. నువ్వు నాలుగుతో గుణించి, మళ్ళీ ఆ నాలుగుతోనే భాగించినావు. ఎందుకు?”

 జగన్నాధానికి వాళ్ళ మాస్టారు అలా చెప్పారు, అంతే.

“ముప్ఫై రెండు కాబట్టి తెగింది. ముప్ఫై మూడైతే?”

“అప్పుడు నీలాగే సేస్తాను. లెక్కని సూసి కదా మొదటి మెట్టెయ్యాలి! నువ్వు దేన్నైనా చుట్టూ తిరిగే సేస్తావు. మా మామ్మకి చుట్టలు తెస్తావు. మా నాన్న ఎద్దుకి మందు తెస్తావు. మా అమ్మకి శ్రీకూర్మం ప్రసాదం తెస్తావు. నన్నొక్కదాన్నీ ఏటీ అడగవు!”

చూరు మీంచి వాన జారడం మొదలైంది. జగన్నాధానికి చెవులు వేడెక్కాయి.

“ఏటడగాలి?”

“నాకేటి తెల్సు? బి.యస్సీ. సదివింది నువ్వు.”

గుమాస్తా ఈ పిల్లని రైలెక్కించుకుపోతాడన్న తలపు రాగానే అతను పలక పక్కకి తోసేశాడు.

“నన్ను పెళ్ళి సేసుకుంటావేటి?” అనేశాడు.

“సేసుకుంటాను,” అంది వెంటనే. సిగ్గు ఆ తర్వాత తీరిగ్గా వచ్చింది.

ఆ ఊపులోనే అతను లోపలికి నడిచాడు. అప్పలసూరి కూర్చుని పలుపుతాడు పేనుకుంటున్నాడు.

“మావా, కూర్మమ్మని నాకిచ్చెయ్యి. ఆ కొత్తవలసోళ్ళని రావద్దను.”

“ఆళ్ళకి మొన్ననే కబురెట్టీసినాన్రా, రావద్దని. ఈ పిల్ల బావనే సేసుకుంటానని కూకుంది.”

“మరి నాకో మాట సెప్పలేదేటి మావా!”

“నువ్వడిగీవరకూ నాను నోరిప్పితే అన్నం తిననంది! నానేటి సెయ్యను?”

గుమ్మం వెనకాల గాజులు గలగలమన్నాయి. నవ్వు ఆపుకోలేక ఎవరో గోడకి ఆనుకున్నట్టున్నారు. జగన్నాధానికి కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఆనందంతో కాళ్ళు నేల మీద ఆగడం లేదు.

“అయితే ఆదివారం పెళ్ళిచూపులకి ఎవలొస్తన్నారు మావా?”

“నువ్వేరా! మీ అమ్మని తీసుకుని పెందరాళే రా.”