ఎక్కడిదాకా వచ్చావ్?

ఈ నగరం గొప్పతనాన్ని బయటివాళ్ళకి చెప్పడం నా ఉద్యోగం. పాత భవనాల ముందు పెట్టే బోర్డులకి వాక్యాలు రాస్తాను. ప్రయాణాల పత్రికల వాళ్ళు వస్తే వెంట ఉండి తిప్పుతాను. రెండు ఆధారాలు దొరకనిదే తేదీ కూడా రాయను. ఆఫీసులో నాకు ‘ఆధారాలాయన’ అని పేరు.

పిల్లలిద్దరూ మా దేశంలోనే, మా అక్క దగ్గర ఉంటారు. వాళ్ళమ్మ పోయాక అక్కే చూసుకుంటోంది. నేను ఫోన్లో పెంచుతున్నాను. నీళ్ళు కాచి తాగారా, మెట్ల మీద పరిగెత్తడం లేదు కదా, చెల్లి చెయ్యి పట్టుకున్నావా... పెద్దవాడు విసుక్కుంటాడు. చిన్నది మాత్రం రోజూ ఒకటే అడుగుతుంది.

"నాన్నా, ఎక్కడిదాకా వచ్చావ్?"

"మీ ఊరి వంతెన దాకా వచ్చానమ్మా," అంటాను. రెండేళ్ళుగా అదే వంతెన.

ఒకరోజు మా మేడమ్ నా కాగితాలు పక్కకి నెట్టేసింది.

"మీ చరిత్ర చదివితే నాకే నిద్రొస్తోంది. పత్రికల వాళ్ళు వస్తున్నారు. ఇంత పాత ఊళ్ళో ఒక్క దెయ్యమైనా లేదా?"

"ఆధారాల్లేవండీ."

"దెయ్యానికి ఆధారాలేంటయ్యా బాబూ!"

అందరూ నవ్వారు. రాయక తప్పలేదు.

నది ఒడ్డున పాత ధాన్యం గోదాము. అందులోంచి నీళ్ళ దగ్గరికి దిగే రాతి మెట్లు. పడవెక్కి వెళ్ళిన తండ్రి కోసం అక్కడ ఎదురుచూసే పాప. అబద్ధమైనా అతికించినట్టు ఉండకూడదని, నాకు బాగా తెలిసిన పిల్లనే రాశాను. ఊడిన ముందు పన్ను, ఒక జడకే మిగిలిన రిబ్బను, చెప్పులు ఎక్కడో విడిచేసిన కాళ్ళు. చివర్లో తండ్రిని తీసుకొచ్చాను.

"తండ్రి వచ్చేస్తే ఇంక దెయ్యం ఎందుకు?" అంది మేడమ్.

నిజమే అనిపించింది. కొట్టేశాను.

పొద్దు వాలుతుండగా పత్రికల వాళ్ళని మెట్ల మీదికి తీసుకెళ్ళాను. తడి రాయి వాసన. ఎప్పుడో ఖాళీ అయిన గోనెసంచుల వాసన. కింద చీకట్లో నీళ్ళు గోడని తడుముతున్న చప్పుడు. లాంతరు తగ్గించి కథ చెప్పాను. అప్పుడు ఇంకో వాసన... తియ్యగా... పిల్లలకి పట్టే జ్వరం మందు వాసన.

అందరూ పైకొచ్చాక తెల్లజుట్టు విలేఖరి ఒకావిడ నా దగ్గర ఆగింది.

"ఆ పాప బాగా చేసింది. ఎవరమ్మాయి?"

"పాపని ఎవర్నీ పెట్టలేదండీ."

"అదేంటి? నా కోటు పట్టుకుని అడిగిందే! ఇక్కడి భాష కాదు. ఏదో... ఇలా..."

ఆవిడకి మా ఇంటి భాష ఒక్క ముక్క రాదు. విన్నది విన్నట్టు, మెల్లగా పలికింది.

"నాన్నా... ఎక్కడిదాకా... వచ్చావ్?"

ఇంటికి ఫోన్ చేశాను. అక్క గుసగుసగా మాట్లాడింది.

"నువ్వు కంగారుపడతావని చెప్పలేదురా. నిన్నట్నుంచి దానికి జ్వరం. ఇప్పుడే ఒళ్ళు చల్లబడింది. పడుకుంది."

"లేపు."

"ఇప్పుడేగా కళ్ళు మూసింది..."

"అక్కా... లేపు."

ఫోన్ పక్కన పెట్టిన చప్పుడు. తర్వాత అక్క దాన్ని పిలవడం వినిపించింది. పిలుస్తూనే ఉంది...

వెళ్ళాను. అన్నీ అయ్యాయి. పెద్దవాణ్ణి నాతో తీసుకొద్దామనుకున్నాను. ఆ మెట్లు గుర్తొచ్చి అక్క దగ్గరే ఉంచేశాను. నేను మాత్రం తిరిగొచ్చాను. చిన్నది ఇక్కడే ఉంది కదా.

గోదాము ముందు బోర్డు మార్చాను. తండ్రి వచ్చాడని రాశాను. మేడమ్ నా భుజం మీద చెయ్యి వేసింది. కానీ పత్రికలో పాత కథే అచ్చయింది. జనం అది చేత పట్టుకునే వస్తారు. అదే ఒకరికొకరు చెప్పుకుంటారు.

ప్రతి సాయంత్రం అందరికంటే ముందు నేనే దిగుతాను. "వచ్చేశానమ్మా... ఇదిగో, ఇక్కడే ఉన్నాను..." అంటాను. నీళ్ళ చప్పుడు. అంతే. నా వెనక దిగినవాళ్ళని అడుగుతుంది. ఎవరెవరినో అడుగుతుంది. నన్ను మాత్రం అడగదు. తండ్రి రాడని రాసింది నేనే.

ఇవాళ ఒకాయన పత్రిక తిరగేస్తూ పైకొచ్చాడు.

"ఇందులో ఒక్క పాపే అని ఉందేంటండీ? మరి ఆ అబ్బాయెవరు? ఏమీ మాట్లాడడు. పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, అంతే."

మెట్ల దగ్గర చెల్లి చెయ్యి వదలకూడదని వాడికి నేర్పింది నేనే.

అందరూ వెళ్ళిపోయారు. ఫోన్ చేతిలోనే ఉంది...

ఇంకా చెయ్యలేదు.