తొట్టిలో మాయమైన కప్పు

పొద్దున్నే పెరట్లో మొక్కల తొట్ల దగ్గర కూర్చున్న మనవరాలి పిడికిట్లో మట్టి ఉంది. పెదవుల మీదా మట్టే.

“ఉమ్మెయ్యి బంగారం,” అంటూనే తాత నవ్వాడు. “పోనీలే, తాత మట్టేగా.”

ఆ మట్టి అంటే ఆయనకు గర్వం. ఇంటి వెనక షెడ్డులో, నేలలో కలిసిపోతుందని చెప్పే ప్లాస్టిక్‌తో ఆయన కప్పులు తయారుచేస్తాడు. ప్రతి విడతలోనూ ఒక కప్పును ముక్కలు చేసి తొట్టిలో పాతుతాడు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు పాత తొట్టిని ముందుకు జరిపి, “చెయ్యి పెట్టి వెతుక్కోండి. ముక్క దొరికితే సరుకంతా ఉచితం,” అంటాడు. ఇంతవరకూ ఎవరికీ ఏమీ దొరకలేదు. ఆ దొరకకపోవడం మీదే షెడ్డు నడుస్తోంది.

నీటి పరీక్షల ల్యాబ్‌కు బయల్దేరుతున్న కూతురు పరుగున వచ్చి, పిల్ల నోట్లో వేలు పెట్టి మట్టి తీసింది.

“ఈ తొట్లు ఇక్కడ ఉంచొద్దని ఎన్నిసార్లు చెప్పాను నాన్నా!”

“మట్టి తినని పిల్ల ఉంటుందా? నువ్వు గోడ సున్నమే నాకేశావు.”

“అది సున్నం. ఇది నీ కప్పు.”

“కప్పెక్కడుందే? చూపించు!”

“కనబడకపోతే లేనట్టేనా?”

“నీ ల్యాబ్ తెలివి నా దగ్గర చూపించకు. బడి వంటశాల మేనేజరమ్మ ఇవాళే వస్తోంది. పిల్లలకి వేడి పాలు పొయ్యడానికి కప్పులట. ఈ ఆర్డరు పోయిందా, షెడ్డుకి తాళమే.”

“వేడి పాలకా?” కూతురి గొంతు తగ్గింది. “మన పిల్లకీ వాటిలోనే పోసిస్తావా?”

“ఎందుకివ్వను?”

“అయితే నేను వేరే ఇల్లు చూసుకుంటాను.”

ఆయన ముఖం పాలిపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య చేతిలో గరిటె ఆగింది.

“తండ్రీకూతుళ్ళని ఒకే అచ్చులో పోశాడు దేవుడు. ఏమండీ, అరుచుకునే బదులు ఆ మట్టేదో కడిగి చూడొచ్చుగా!”

ఆమే బేసిన్ తెచ్చి, తొట్టి మట్టిని నీళ్ళలో కలిపి, సన్నటి గుడ్డలో వడకట్టింది. కూతురి నోరు మూయించాలన్న పట్టుదలతో ఆయన షెడ్డులోంచి భూతద్దం తెచ్చాడు. కప్పుల అంచులు సరిచూసుకునే అద్దం అది.

మొక్కల వేళ్ళ పోగులు, ఇసుక రేణువులు కనిపించాయి. వాటి మధ్య చిన్న చిన్న పొరలు మెరిశాయి. లేతాకు రంగు, కాస్త పాలిపోయినట్టు. కప్పులకు ఆ రంగు కుదరడానికి ఆయన ఎన్నో విడతలు పాడుచేసుకున్నాడు. తన రంగును తాను గుర్తుపట్టకుండా ఎలా ఉంటాడు?

ఇన్నాళ్ళూ ఆయన ఎవరికీ అబద్ధం చెప్పలేదు. వేళ్ళకు దొరకనిది లేదనుకున్నాడు, అంతే. ఉనికికి హద్దు గీసే అధికారం తన వేళ్ళకు ఎవరిచ్చారని ఒక్కనాడూ తనను తాను అడగలేదు.

“కలిసిపోతుందనేగా ముడిసరుకువాడు చెప్పాడు?”

“బాగా వేడిగా ఉండే ఎరువు ఫ్యాక్టరీలో అయితే కలుస్తుంది నాన్నా. మన తొట్టిలో ఇలా చితికిపోయి మిగులుతుంది.”

“ఒంట్లోకి పోతే ఏం చేస్తుందే?”

“ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు. అందుకే నా భయం.”

మేనేజరమ్మ వచ్చింది. తొట్టి సంగతి ముందే విన్నట్టుంది, అడక్కుండానే మణికట్టు దాకా చెయ్యి పెట్టి కెలికింది.

“నిజమేనండీ, ఏమీ లేదు!”

గుమ్మంలో కూతురు పిల్లనెత్తుకుని నిలబడి ఉంది. ఆయన అటు చూడలేదు. భూతద్దం తీసి మేనేజరమ్మ చేతిలో పెట్టి, గుడ్డ ముందుకు జరిపాడు.

“ఇప్పుడు దీంతో చూడండమ్మా.”

ఆమె చాలాసేపు చూసింది. “మరి వేడి పాలకి?”

“నా మనవరాలికి ఇవ్వను. మీ పిల్లలకి ఇమ్మని ఎలా చెప్పను?”

“ఇక మా పాత స్టీలు గ్లాసులే తోమించుకోవాలి,” అని నిట్టూర్చి ఆమె వెళ్ళిపోయింది.

షెడ్డులో యంత్రం ఆగి ఉంది. ఆయన కుళాయి దగ్గర కూర్చుని గోళ్ళ సందులు రుద్దుకున్నాడు. కూతురు వచ్చి పిల్లను ఆయన ఒళ్ళో దింపింది.

“ఇల్లు చూసుకుంటానన్నావుగా?” అన్నాడు తలెత్తకుండా.

“ముందు ఈ తొట్లు తీసేద్దాం నాన్నా. నేనూ ఓ చెయ్యి వేస్తాను.” ఆమె కళ్ళు చెమర్చాయి.

ఆయన మనవరాలి పిడికిలి విప్పి కడిగాడు. భూతద్దం పెట్టి చూశాడు. అరచేతి గీతల మధ్య ఏమీ కనబడలేదు.

అయినా మళ్ళీ కడిగాడు.